బొమ్మల మృగమూ, మా టీచరమ్మా

మా పక్కింటి టీచరమ్మ పోయిన సంగతి మా వీధికి పాలాయన వల్ల తెలిసింది. గేటు దగ్గర నిలబడి ఎంతసేపు బెల్లు కొట్టినా ఆమె గిన్నె పట్టుకుని బయటికి రాలేదు. "టీచరమ్మ యాడికన్నా పొయ్యిందా?" అని ఆయన మా ఇంటివైపు తిరిగి అడిగాడు. నేను వెళ్ళి కిటికీలోంచి చూశాను. వాలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఒళ్ళో ఇంగ్లీషు కాగితాలు ఉన్నాయి. చదువుతూ చదువుతూ కునుకు తీసినట్టు తల కొంచెం పక్కకు వాలి ఉంది. పిలిచాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా పిలిచాను.

పుత్తూరులో ఆమె దగ్గర ఇంగ్లీషు చదువుకున్న మనిషి లేని వీధి ఉండదు. పొద్దెక్కేసరికి ఇంటి ముందు జనం నిండిపోయారు. అయినా ఆ ఇంట్లో గొంతెత్తి ఏడ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ ఏడవలేదు. అందరికంటే ముందు ఏడవవలసిన దాన్ని నేనే. ఎందుకు ఏడవలేదో చెప్పాలంటే, ఇన్నాళ్ళూ మా వీధిలో ఎవరికీ తెలియకుండా కాపాడుకున్న సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఆమెను గురించి రాయడం మాత్రం నాకు చేతకావడం లేదు.

మాది కార్వేటినగరం పక్కన ఒక పల్లె. చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చి తగ్గాక నా గొంతు బొంగురుపోయింది. మళ్ళీ తేటపడలేదు. ఆడపిల్ల గొంతులా ఉండదు. అలాగని మగవాళ్ళ గొంతులానూ ఉండదు. బడిలో పద్యం అప్పజెప్పడానికి లేస్తే పిల్లలు ముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు ఇంట్లో వాళ్ళు బాధపడ్డారు గానీ నేను పడలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పేరడిగితే మా అమ్మ నా కంటే ముందు అందుకుని, "పాపకు జలుబు సేసిండాది" అని తానే చెప్పింది. పెళ్ళయి పుత్తూరు వచ్చిన కొత్తలో మా అత్త నన్ను రోజూ అడిగేది, "ఏమే, నీ జలుబు ఇంగా తగ్గలేదా? మిరియాల కషాయం కాసీనా?" అని. నేను తల ఊపి కషాయం తాగేదాన్ని. కొన్నాళ్ళకు ఆమెకే అర్థమై అడగడం మానేసింది. నేను మాట్లాడడం తగ్గించేశాను. మాట్లాడినా గుసగుసగా మాట్లాడేదాన్ని. మా ఆయన కేబుల్ టీవీ లైన్లు చూసే పని చేస్తారు. ఊరంతా స్తంభాలెక్కి ఇంటింటికీ పాటలూ మాటలూ చేరవేసే మనిషికి, ఇంట్లో పెళ్ళాం గొంతు ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదు.

టీచరమ్మ ఇంటి మిద్దె, మా మిద్దె పక్కపక్కనే. మధ్యలో పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఆమె బడి నుంచి రిటైరై అప్పటికి కొన్నేళ్ళయింది. భర్త ఎప్పుడో పోయారట. పిల్లలు లేరు. వేలూరులో తమ్ముడి కొడుకు ఉన్నాడని మాత్రం తెలుసు. సాయంత్రాలు మిద్దె మీద అటూ ఇటూ నడుస్తూ ఇంగ్లీషులో ఎవరినో గట్టిగా తిట్టేవారు. ఉన్నట్టుండి బతిమాలేవారు. మళ్ళీ తిట్టేవారు. ఒకరోజు పాలాయన కింద నిలబడి ఆ తిట్లు విని, తననే అనుకుని హడలిపోయాడు. ఆ వారమంతా మా వీధికి పాలు చిక్కగా వచ్చాయి. మా అత్త, "ఆయమ్మ ఇట్ల అప్పుడప్పుడూ ఇంగ్లీషులో తిడతా ఉంటే బాగుండు" అంది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను మిద్దె మీద వడియాలు ఎండబెట్టి చీపురు తేవడానికి కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి కొండ మీది కోతి ఒకటి వడియాల గుడ్డ మొత్తాన్ని చుట్ట చుట్టుకుని గోడ ఎక్కుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నాను. ఒళ్ళు మరిచిపోయి అరిచాను. కోతి గుడ్డ వదిలేసి కొబ్బరిచెట్టు మీదికి దూకి, అక్కడి నుంచి కూడా నన్ను చూసి భయపడింది. అప్పుడు పిట్టగోడ అవతల నుంచి టీచరమ్మ తల పైకి లేచింది.

"ఎవురమ్మీ ఇప్పుడు అరిసింది?"

"కోతి, టీచరమ్మా."

"కోతి అరుపు నాకు తెల్సు. దాన్ని తరిమిన అరుపు ఎవురిది?"

తప్పయిపోయిందన్నాను. ఆమె కోపగించుకోలేదు. గోడ దగ్గరికి వచ్చి, "ఇంగోతూరి అరువు" అన్నారు. నేను వడియాలు అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తాను.

మరునాటి నుంచి ఆమె నన్ను పట్టుకున్నారు. వడియాలు చూడడానికి వచ్చినా, బట్టలు ఆరేయడానికి వచ్చినా, చేతిలో తెలుగు పేపరు పెట్టి చదవమనేవారు. తనకు కళ్ళలో పొర వచ్చిందని, చదివి పెట్టే దిక్కు లేదని చెప్పేవారు. పొర ఉన్న మాట నిజమే. నేను గుసగుసగా చదివితే, "గోడ ఈపక్క నేనుండా. నాకు యినపడేట్టు సదువు, నీ పైట కొంగుకు కాదు" అని మళ్ళీ మొదటి నుంచి చదివించేవారు. ఈ నాలుగు మాటలు నేను ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆ పేపరు చదువే కారణం.

కొన్ని వారాలు గడిచాక ఒకరోజు అసలు విషయం చెప్పారు. ఆమె దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు మద్రాసులో సినిమాలకు గొంతులు రికార్డు చేసే గదిలో పనిచేస్తున్నాడు. అక్కడికి జపాను నుంచి బొమ్మల సీరియల్ ఒకటి వచ్చింది. దాంట్లోని జపాను మాటలు తీసేసి ఇంగ్లీషు మాటలు పెట్టాలి. అలా పెట్టాక ఎన్నో దేశాల టీవీల్లో వేస్తారట. మాట్లాడడానికి మద్రాసు కాన్వెంటు పిల్లలు ఉన్నారు. వాళ్ళ ఉచ్చారణ దిద్దడానికి ఆ అబ్బాయి టీచరమ్మను పిలిచాడు. పిలిచినవాడు ఒక ముసలమ్మ పాత్ర కూడా ఆమెకే ఇచ్చాడు. మిద్దె మీద తిట్లు, బతిమాలడాలు అవే.

ఆ కథ ఆమె చెప్పగా విన్నాను. పగలు ఆసుపత్రిలో నేల తుడిచే కుర్రవాడు చీకటి పడితే నల్ల కవచం తొడుక్కుని ఊరిని కాపాడుతాడు. ఆ కవచంలో ఒక మృగం ఉంది. వాడికి బలం ఇచ్చేది అదే. బలం ఇచ్చినప్పుడల్లా వాడి జ్ఞాపకం ఒకటి తినేస్తుంది. ఒక ఊరివాణ్ణి కాపాడితే ఒక స్నేహితుణ్ణి మరిచిపోతాడు. ఇల్లు అద్దెకిచ్చిన ముసలమ్మ ప్రతి ఉదయం వాణ్ణి లేపి, నీ పేరు ఇది, నువ్వు ఫలానా అని గుర్తు చేసి, అన్నం పెట్టి పంపుతుంది. పిల్లల బొమ్మలంటే నవ్వులాట అనుకున్న నాకు ఇదంతా వింటుంటే దిగులేసింది.

"ఆ మృగానికే గొంతు దొరకలా" అన్నారు టీచరమ్మ. "మద్రాసులో మగోళ్ళు శానామంది అరిసినారు. అందురూ సినిమాలో దొంగల మాదిరి అరస్తారు. దానికి బాధ ఉండల్ల. ఆకలి ఉండల్ల. నువ్వు రామ్మీ."

"నాకు ఇంగ్లీషు రాదు టీచరమ్మా."

"మృగానికీ రాదు."

నేను ఒప్పుకోలేదు. ఆమె నాతో వాదించకుండా నేరుగా మా అత్త దగ్గరికి వెళ్ళారు. మద్రాసులో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలని, ఒంటరిగా పోలేనని, కోడలిని తోడు పంపమని అడిగారు. ఆ ఇంటి వైపు కాలు చాపుకుని కూర్చోవడానికి కూడా జంకే మనిషి మా అత్త. కాదనలేదు. బయలుదేరేటప్పుడు నేను పాత వాయిలు చీర కట్టుకున్నాను. గంజి పెట్టిన చీర కదిలితే మైకులో గరగరమంటుందని టీచరమ్మ ముందే చెప్పారు. మా అత్తకు అది తెలియదు కదా. "మద్రాసుకు పోతా పాత కోక కట్టుకుంటారా ఎవురైనా? మా పరువు తియ్యడానికా?" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది.

రైల్లో పుత్తూరు నుంచి మద్రాసు దాకా ఆమె కిటికీ పక్కన కూర్చుని దద్దోజనం తిన్నారు. నాకూ పెట్టారు. నాకు దిగలేదు. "తిను. కడుపు కాలీగా ఉంటే గుడగుడమంటాది. ఆ మైకు పాపిష్టిది, దాన్నీ పట్టుకుంటాది" అన్నారు. విరిగిన చేతికి పుత్తూరులో కట్టు కట్టించుకుని తిరిగి వెళుతున్న ఒకాయన ఎదుటి సీట్లో ఉన్నాడు. ఆమె ఆయనకు కూడా పొట్లం విప్పి, ఒక చేత్తో తినడానికి వీలుగా ముద్దలు చేసి ఇచ్చారు. పేరు కూడా అడగలేదు.

ఆ గది ఎలా ఉంటుందంటే, లోపలికి వెళ్ళి తలుపు వేయగానే చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. గోడలకు దళసరి మెత్త అతికించి ఉంటుంది. ఫ్యాను ఉండదు. ముందు ఒక తెర, నోటి ముందు మైకు, పక్కన అద్దం. అద్దం అవతల ఆ రికార్డింగు అబ్బాయి. తెర మీద చిన్న చిన్న ముక్కలుగా బొమ్మ వేసి చూపిస్తారు. బొమ్మ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో చూసుకుని ఆ కాస్త వ్యవధిలోనే మన గొంతు పలకాలి.

నేను నిలబడి చెయ్యి కొంచెం కదిపానో లేదో, ఆ అబ్బాయి గొంతు చెవిలో వినిపించింది. "అక్కా, గాజుల సప్పుడొస్తా ఉండాది. తీసి పక్కన పెట్టండి."

నేను రెండు చేతులూ గుండెకు అదుముకుని నిలబడిపోయాను. చేతులకు మట్టిగాజులు. భర్త బతికి ఉండగా పాత గాజులు తీస్తే వెంటనే కొత్తవి వేసుకోవాలి. ఒక్క నిమిషం కూడా చేతులు బోసిగా ఉంచకూడదు. మా అమ్మ అయితే గాజులు మార్చేటప్పుడు మణికట్టుకు పసుపు దారం కట్టుకుని గానీ పాతవి తీయదు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, ఎవరో బొమ్మ కోసం బోసి చేతులతో నిలబడడమా? ఆ అబ్బాయి మళ్ళీ అడిగాడు. నేను వద్దన్నట్టు తల ఊపుతూ వాకిలి వైపు నడిచాను.

టీచరమ్మ లోపలికి వచ్చారు. నా మొహం చూశారు, నా చేతులు చూశారు. తన చేతిరుమాలు పంటితో చించి రెండు ముక్కలు చేశారు. గాజులన్నీ మోచేతి వైపుకు తోసి, కదలకుండా గట్టిగా ఆ గుడ్డ చుట్టి ముడివేశారు. ఒక చేతికి, తర్వాత రెండో చేతికి. "తియ్యబల్లేదు. వాటి నోరు మూస్తే సాలు" అన్నారు. ముడి వేస్తున్న ఆమె చేతులు నా చేతుల పక్కనే ఉన్నాయి. వాటికి గాజులు లేవు. ఎన్నేళ్ళ కిందట తీసేశారో, ఆ రోజు ఆమె పక్కన ఎవరున్నారో మా వీధిలో ఎవరికీ తెలియదు. నేనూ ఏనాడూ అడగలేదు.

గాజుల సంగతి తేలినా గొంతు రాలేదు. బొమ్మ నోరు తెరిస్తే నా నోట్లోంచి గాలి తప్ప మరేమీ రాదు. అద్దం అవతల ఆ రికార్డింగు అబ్బాయి, ఇద్దరు కాన్వెంటు అమ్మాయిలు నన్నే చూస్తున్నారు. టీచరమ్మ వాళ్ళ వైపు తిరిగి, "మీరందురూ ఆపక్కకు తిరుక్కోండి" అన్నారు.

"టీచర్, నేను సూడకుండా ఎట్ల రికార్డు సేసేది?"

"సెవులుండాయి గదా, యిను. సూసేది యాల?"

ఆ అబ్బాయి బళ్ళో పిల్లవాడిలా కుర్చీ తిప్పుకున్నాడు. అప్పుడు ఆమె నా చెవి దగ్గర, "సిగ్గుపడు, తప్పులేదు. సిగ్గుపడతానే అరువు" అన్నారు.

సిగ్గుపడుతూనే అరిచాను. ఎంత సిగ్గుపడ్డానో అంత గట్టిగా వచ్చింది. ఆగాక చూస్తే ఆ అమ్మాయిల్లో ఒకతె చెవులు మూసుకుని నవ్వుతోంది, ఇంకొకతె నవ్వడం లేదు. అబ్బాయి కుర్చీ ఇటు తిప్పి, "టీచర్, దొరికినాది" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాము. ప్రతిసారీ కళ్ళ డాక్టరే. మా అత్త మాత్రం, "ఎన్నిసార్లు సూపిచ్చినా ఆయమ్మకు కండ్లు బాగుపడవే, ఏం డాక్టరో!" అని విసుక్కునేది.

సీరియల్ మా ఊరి కేబుల్లో సాయంత్రం పూట రావడం మొదలైంది. మా ఇంట్లో బొమ్మ స్పష్టంగా వస్తుందని వీధి పిల్లలంతా మా నడవలో చేరేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ ఇంగ్లీషు తెలియదు. కుర్రవాడు మాట్లాడుతుంటే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మృగం అరిచేసరికి అందరూ నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. దాని అరుపు అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు కదా. మరునాడు వీధంతా అదే అరుపు. ఎవరు బాగా అరుస్తారని పందేలు. నేను వంటింట్లో రోటి ముందు కూర్చుని రుబ్బుతుంటే చెవులు కాలిపోయేవి. అరుపు చివర్లో ఊపిరి లోపలికి లాగాలి, పిల్లలు బయటికి వదిలేసేవాళ్ళు. అది కాదని చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఇంకా సిగ్గేసేది.

"ఏం బొమ్మలో ఏం కర్మో! గాలి పట్టిన బర్రె మాదిరి అరస్తాది" అని మా అత్త పిల్లలను కసిరేది. "మొగుణ్ణి తినేసిన దాని అరుపు అది. మా వంశంలో అట్లాటి గొంతు ఉండి ఉంటే బాయిలో తోసేసుందురు. కట్టెయ్యండ్రా!"

నేను టీచరమ్మ దగ్గర ఏడ్చాను. ఎవరికైనా తెలిస్తే నా బతుకు ఏమవుతుందన్నాను. ఇక రానన్నాను. ఆమె ఓదార్చలేదు. ఆమెకు ఓదార్చడం చేతకాదు. అన్నం గిన్నె ముందు పెట్టి, "నువ్వు సెప్పేదాకా నేను సెప్పను. అది నీ గొంతు, నీ ఇష్టం" అన్నారు. చివరిదాకా ఆ మాట మీదే ఉన్నారు. తన సంగతి కూడా చెప్పుకోలేదు. టీవీలో ముసలమ్మ మాట్లాడుతుంటే, ఆ గొంతు ఎక్కడో విన్నామని మా వీధిలో ఒక్కరైనా అనుకోలేదు.

ఆఖరుసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఆమెకు ఆయాసంగా ఉంది. స్టేషను మెట్లు ఎక్కుతూ మూడు చోట్ల ఆగారు. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. ఆ రోజు ఆమె వరస మార్చి, ముందు ముసలమ్మ చనిపోయే ముక్క తీసుకుందామని ఆ అబ్బాయిని అడిగారు. మంచం మీద ముసలమ్మ, పక్కన కుర్రవాడు. వాడు ఆమెను కూడా మరిచిపోయాడు. ఎవరో పెద్దావిడ అనుకుని దుప్పటి కప్పి వెళ్ళిపోతాడు. ఆమెకు అది తెలుసు. అయినా ఎప్పటిలాగే వాడికి వాడి పేరు చెబుతుంది. టీచరమ్మ ఆ మాటలు అన్నప్పుడు అద్దం అవతల ఎవరూ కదల్లేదు. వాడు వెళ్ళిపోయాక, వాడు వదిలేసిన కవచంలోంచి బయటికి వచ్చి గదిలో మృగం మిగులుతుంది. ఆ జ్ఞాపకాలన్నీ తిన్నది అదే కాబట్టి ముసలమ్మ ఎవరో దానికి ఒక్కదానికే తెలుసు. ఏడ్చేది అదే. ఆ ముక్క వచ్చేసారి చేద్దామనుకున్నాము.

తిరుగు రైల్లో ఆమె కిటికీకి తల ఆనించుకుని, "నా సావు నేను సెప్పేసినా. ఇంగ నీ ఏడుపే మిగిలింది" అని నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చేసారి ఆమె లేరు.

ఆమె పోయిన రోజు వేలూరు నుంచి తమ్ముడి కొడుకు, అతని భార్య వచ్చారు. నెమ్మదైన మనుషులు. ఆ అమ్మాయి చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ గోడవారగా కూర్చుంది. మా వైపు చావు ఇంట్లో అయినవాళ్ళు ఎవరో ఒకరు గొంతెత్తి శోకం ఎత్తుకోవాలి. అప్పుడే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. పోయినవాళ్ళు చేసిన మేళ్ళన్నీ చెప్పి ఏడుస్తారు. ఎవరూ ఎత్తుకోకపోతే మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బయట పలక డప్పులు కొట్టేవాళ్ళు వేడి చేసుకున్న పలకలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంతమందికి సదువు సెప్పింది, ఏడ్సే దిక్కు లేకుండా పాయె" అని ఎవరో అన్నారు.

నేను ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. ఏడుపు గొంతులోకి వచ్చేసింది. గేటు పట్టుకుని వీధి పిల్లలంతా లోపలికి తొంగి చూస్తున్నారు. నోరు తెరిస్తే వచ్చే గొంతు ఏదో నాకు తెలుసు. ఆ పిల్లలకూ తెలుసు. రోజూ సాయంత్రం వింటున్న గొంతు. ఒక్క అరుపు చాలు, వాళ్ళు గుర్తుపట్టేస్తారు. మృగం, మృగం అని చావు ఇంటి ముందే అరుస్తారు. మా అత్త వింటుంది. పైట కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా ఆగిపోయాయి.

మా అత్త మోచేత్తో నన్ను పొడిచింది. "అంత సేసిందే నీకు, కూతురు మాదిరి సూసుకునిందే! ఒగ నీళ్ళ సుక్కన్నా రాల్సవే రాతి మొకందానా?"

నేను తల దించుకున్నాను. కాసేపటికి వేలూరాయన బయటికి వచ్చి, ఇక ఆలస్యమెందుకన్నాడు. పలకలు మోగాయి. ఏడుపు లేకుండానే ఆమెను తీసుకుపోయారు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను. అప్పటికీ కొంగు నా నోట్లోనే ఉంది.

కర్మాంతరాలు అయ్యాక ఆ రికార్డింగు అబ్బాయి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. ఏడ్చాడు. తర్వాత, ఆ ఒక్క ముక్క మిగిలిపోయిందని, వేరే ఎవరితోనైనా చేయించమంటే చేయిస్తానని అన్నాడు. నేను వస్తానన్నాను. ఈసారి కళ్ళ డాక్టరు లేడు. తోడు వచ్చే మనిషీ లేదు. ఇంటికి వచ్చి మా ఆయన అన్నం తింటుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశారు. "ఆ మృగం నువ్వా? నువ్వు నీళ్ళు కావల్లా అని అడిగితేనే నాకు యినపడదు గదే!"

"నేనే."

"ఊరంతా వైర్లు లాగి ఇంటింటికీ నిన్నే ఇచ్చొచ్చినానా?" ఆయన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశారు. "అమ్మకు తెల్సా?"

"తెల్దు."

"సెప్పద్దు. ఇప్పుడే సెప్పద్దు" అన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "పోదాం. నేను వస్తా" అన్నారు.

మద్రాసులో ఆ గది అద్దం అవతల మా ఆయన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. తెర మీద మంచం, దాని మీద ముసలమ్మ, కిటికీ అవతల మంచు. టీచరమ్మ గొంతు వినిపించింది. కుర్రవాడి పేరు చెబుతోంది. ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్క నాకు అర్థమవుతుంది. వాడు దుప్పటి కప్పి వెళ్ళిపోయాడు. మృగం వంగి ఆమె మొహం చూసింది. దాని నోరు తెరుచుకుంది.

నేను మాటలు లేకుండా ఏడవాలి. అది మృగం, దానికి భాష లేదు. కానీ మొదటి ఊపిరికే, "పొయినావా తల్లీ!" అని వచ్చేసింది. ఆపుకోలేకపోయాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఏడ్చినట్టే, ఆ రోజు ఆమె పాదాల దగ్గర ఏడవవలసినట్టే, తెలుగులోనే ఒకటొకటీ చెప్పి ఏడ్చాను. ఇంగ్లీషు బొమ్మకు అది పనికిరాదు. ఆ అబ్బాయి తర్వాత మెల్లగా, మాటలు లేకుండా ఇంకోసారి చేద్దాం అక్కా అన్నాడు, చేశాము కూడా. టీవీలో వచ్చింది ఆ రెండోది. మొదటిది ఎక్కడా రాలేదు.

నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది నా గొంతు గురించి కాదు. టీచరమ్మ కోసం నేను ఏడ్చింది లోపలి చప్పుడు బయటికి పోకుండా కట్టిన గదిలో. ఆమె వీధిలో, ఆమె ఇంటి ముందు, పలకలు ఆగి ఎదురుచూస్తున్నప్పుడు కాదు. ఆ గది కాబట్టే ఏడవగలిగాను. అందుకే ఈ నాలుగు మాటలు రాసి మీ ముందు పెడుతున్నాను. మా వీధిలో వాళ్ళూ చదువుతారు. మా అత్తకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

ఆ రోజు మొదటిసారి ఏడుస్తున్నప్పుడు మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుని తెర వైపు చూశాను. మృగం నోరు ఎప్పుడో మూసుకుంది. అది లేచి కిటికీ దాటి మంచులోకి వెళ్ళిపోయింది. తెర మీద ఖాళీ గది, మంచం, దుప్పటి. తర్వాత అవి కూడా పోయి తెర తెల్లగా అయిపోయింది. అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు, మిషను ఆపలేదు. మా ఆయన అద్దానికి దగ్గరగా వచ్చి నిలబడ్డారు. ఆ తెల్లటి తెర ముందు నా గొంతు ఇంకా వస్తూనే ఉంది.